కొంగు చుట్టూ నల్లగీత

మా రెండోవాడు మాఘమాసంలో గృహప్రవేశం చేశాడు. బంధువులందరూ వచ్చారు. పాలు పొంగాయి, వ్రతం అయింది, భోజనాలయ్యాయి. విస్తళ్లు తీసేలోగా ఫోటోగ్రాఫరు మమ్మల్నందరినీ కొత్త హాల్లో తెల్లగోడ ముందు వరసగా నిలబెట్టి ఒక ఫోటో తీశాడు. మొత్తం ముప్పయ్యొక్క మందిమి. చంటిపిల్లలతో సహా ఒక్కరూ కళ్లు మూయలేదు. ఇంత బాగా కుదిరిన ఫోటో మా ఇంట్లో మరొకటి లేదు.

"బాగానే ఉంది గాని, మరదలేదిరా?" అన్నది మా అక్కయ్య, ఫోటో చేతిలోకి తీసుకోగానే.

నేనేం చెప్పను? మా ఆవిడ పోయి నాలుగేళ్లయింది. అది అక్కయ్యకు తెలియని సంగతి కాదు. ఆ స్థలం కొనమని పోరు పెట్టిందీ, డబ్బు చాలకపోతే చేతి గాజులు తీసి ఇచ్చిందీ మా ఆవిడే. తీరా ఇల్లు లేచేసరికి ఆమె లేదు.

"ఈ రోజుల్లో లేనివాళ్లను కూడా ఫోటోలో నిలబెడుతున్నారటగా! మా పక్కింటివాళ్లు చేయించుకున్నారు. నువ్వూ చేయించు" అన్నది అక్కయ్య. ఎనభై రెండేళ్ల మనిషి. ఆమె మాట తీసెయ్యడం నాకు చిన్నప్పటినుంచీ చేతగాదు.

2012లో జరిగిన మా అమ్మాయి పెళ్లి ఫోటోల్లోంచి ఒకటి వెతికి తీశాను. అందులో మా ఆవిడ ఆవపువ్వు రంగు పట్టుచీర కట్టుకుని, ఒక తెల్లగోడ ముందు నిలబడి నవ్వుతున్నది. రెండు ఫోటోలూ మా పేటలోని స్టూడియో కుర్రాడికి ఇచ్చాను. వారం తిరక్కుండా చేసి ఇచ్చాడు. అక్కయ్య పక్కనే మా ఆవిడ నిలబడి ఉన్నది. చూడగానే నా గొంతు పట్టుకున్న మాట నిజం. కాని అక్కయ్య కళ్లజోడు సవరించుకుని, "కొంగు చుట్టూ మసి పూశాడేమిట్రా వీడు?" అన్నది.

పరకాయించి చూస్తే నిజమే. భుజం మీద, కొంగు అంచున, చెంపల పక్కన సన్నటి నల్లగీత, బొగ్గుతో గీసినట్టు. ఆ గీతవల్ల ఆమె మా మధ్య నిలబడినట్టు లేదు, అట్టముక్క కత్తిరించి అంటించినట్టున్నది. మళ్లీ స్టూడియోకు వెళ్లాను. కుర్రాడు రెండు సార్లు తిరగచేశాడు. "అది అంతేనండీ, కంప్యూటరులో అలాగే వస్తుంది" అన్నాడు పాపం.

నా సందేహం వేరు. పాత ఫోటోలో ఆమె వెనక ఉన్నది తెల్లగోడ. కొత్త ఫోటోలో ఉన్నదీ తెల్లగోడే. రెండు తెల్లగోడల మధ్య ఈ నలుపు ఎక్కడినుంచి ఊడిపడింది?

ఉగాదికి మా పెద్ద మనవరాలు వచ్చింది. హైదరాబాదులో ఆటలు తయారుచేసే కంపెనీలో ప్రోగ్రాములు రాస్తుంది. ఆమె పనల్లా తెర మీద పొగ, మంట, గాజు, నీరు నిజంలాగా కనిపించేటట్టు చెయ్యడమే. స్టూడియో కుర్రాడి దగ్గరనుంచి అతను వాడిన ఫైళ్లు తెప్పించుకుని కాసేపు చూసింది. "తాతయ్యా, ఇది లేనిచోటునుంచి వచ్చిన నలుపు" అన్నది. నాకు అర్థంకాలేదు. అప్పుడు ఆమె నన్ను కూచోబెట్టి చెప్పిన సంగతులే ఈ వారం మీకు చెబుతున్నాను.

తెర మీద మనకు కనిపించే బొమ్మ అంతా చుక్కలు. ఆ చుక్కను పిక్సెలు అంటారు. అది చూడాలంటే కష్టమేమీ లేదు. వేలి కొసతో ఒక చిన్న నీటిబొట్టు మీ సెల్‌ఫోను తెర మీద, తెల్లగా ఉన్నచోట పెట్టండి. బొట్టు భూతద్దంలా పనిచేసి, ఆ తెలుపులోనుంచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం తునకలను బయటపెడుతుంది. మన కంటికి అవి విడివిడిగా ఆనవు గనక కలిసి తెల్లగా తోస్తాయి. ఇది ముగ్గుల్లో వేసే రంగుపొడుల వ్యవహారం కాదు సుమండీ. ఎర్రపొడీ ఆకుపచ్చపొడీ కలిపితే మడ్డిరంగు వస్తుంది. ఎర్ర వెలుతురూ ఆకుపచ్చ వెలుతురూ కలిపితే పసుపు వస్తుంది. తెర పని వెలుతురుతో.

ఒక్కొక్క రంగు ఎంత వెలగాలో కంప్యూటరు ఒక అంకెతో రాసి ఉంచుకుంటుంది. మామూలుగా సున్నానుంచి 255 వరకూ. సున్నా అంటే చీకటి, 255 అంటే నిండు వెలుగు. మూడు రంగులకూ తలా 256 మెట్లు గనక మొత్తం 1,67,77,216 రంగులు పలుకుతాయి. ఇక చుక్కల సంఖ్యా తక్కువేమీ కాదు. ఇప్పటి టీవీల్లో మామూలు రకంలోనే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలుంటాయి. అంటే 20,73,600. ఆటలో బొమ్మ సెకనుకు 60 సార్లు మారితే, సెకనుకు పన్నెండు కోట్ల పైచిలుకు చుక్కలకు లెక్క కట్టాలన్నమాట.

ఈ లెక్కల్లో ముఖ్యమైనది ఒక రంగు మీద ఇంకో రంగు పడ్డప్పుడు ఏం చెయ్యాలి అన్నది. "దీనికి పద్ధతులు చాలా ఉన్నాయిగాని, మూడు తెలిస్తే చాలు తాతయ్యా" అన్నది మనవరాలు.

మొదటిది దీపం పద్ధతి. గదిలో ఒక దీపం ఉండగా రెండోది వెలిగిస్తే వెలుతురుకు వెలుతురు తోడవుతుంది. తెర మీద మంటలూ, నిప్పురవ్వలూ, మెరుపులూ ఇలాగే కూడికతో వేస్తారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 200కు 100 కలిపితే 300 అవుతుంది, కాని ఆ గిన్నెలో పట్టేది 255. అంతటితో ఆపెయ్యాలి. ఆపడం మరిచిపోతే, స్కూటరు మీటరు తొమ్మిదులన్నీ నిండాక సున్నాకు తిరిగినట్టు తిరిగి, 44 దగ్గర ఆగుతుంది. ధగధగలాడవలసిన మంట నడిమధ్య నల్లమచ్చ పడుతుంది.

రెండోది రంగుకాగితం పద్ధతి. పిల్లలు ఎర్రటి గాజుకాగితం కళ్లకు అడ్డం పెట్టుకుని ఆడుకుంటారే, అది. కాగితం తనంతట తాను వెలగదు, వచ్చే వెలుతురులో కొంత వంతు మాత్రమే పోనిస్తుంది. అందుకని ఇక్కడ కూడిక కాదు, గుణకారం. నీడలు వెయ్యడానికి ఇది పనికొస్తుంది.

మూడోది దోమతెర పద్ధతి. మంచానికి కట్టిన దోమతెర దారాలు కొంత చోటును కప్పుతాయి, కన్నాల్లోనుంచి వెనకనున్న మనిషి కనిపిస్తాడు. మన కంటికి వచ్చే రంగులో దారానిదో వాటా, మనిషిదో వాటా. ఈ వాటాకే కంప్యూటరువాళ్లు 'ఆల్ఫా' అని గ్రీకు అక్షరం పేరు పెట్టారు.

రూపాయిలో వాటాలు అనుకుంటే ఇది సులువుగా తెలుస్తుంది. చీర ఉన్నచోట ఆల్ఫా నిండు రూపాయి. చీర లేనిచోట సున్నా. మరి కొంగు అంచున? ఒక చుక్కలో ముప్పావలా వంతు చీర, పావలా వంతు గోడ పడవచ్చు. చీర అంకె 200, గోడ అంకె 240 అనుకోండి. చీర వాటా 150, గోడ వాటా 60, కలిపి 210. అంచు ఈ విధంగా మెత్తగా గోడలోకి కలుస్తుంది. వాటాల లెక్క లేకుండా చీర ఉంటే ఉన్నది, లేకపోతే లేదు అని కత్తిరిస్తే, అంచు రంపపు పళ్లలాగా వస్తుంది. జుట్టు సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇలా ఒక బొమ్మను ఇంకో బొమ్మలో ఇమడ్చాలనే కోరిక కంప్యూటర్లతో పుట్టింది కాదు. 1898లోనే ఫ్రాన్సులో జార్జ్ మెలియే తన తల తానే తీసి బల్ల మీద పెట్టుకున్నట్టు సినిమా తీశాడు. ఫిల్ములో కొంతభాగం వెలుతురు తగలకుండా కాపాడి, దాన్నే వెనక్కి తిప్పి, మిగిలిన భాగం మీద మళ్లీ తియ్యడం ఆనాటి కిటుకు. 1957లో మన 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లీ కెమెరా చేసిన మాయలు చూసి మా నాన్నగారు హాల్లోనుంచి బయటికి వచ్చి కూడా నమ్మలేకపోయారు. మనిషి ఉన్న మేరకు వెలుతురు పోనిచ్చి, తక్కిన చోటు కప్పి ఉంచే ముసుగు ఒకటి సినిమావాళ్లకు ఎప్పుడూ ఉండేది.

ఆ ముసుగును బొమ్మలోనే భాగం చేసినవాళ్లు అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని ఒక సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన ఎడ్ కాట్మల్, ఆల్వీ రే స్మిత్ అనే ఇద్దరు. ఇది 1977 చివరి సంగతి. అప్పటికి ఒక వస్తువును వేరువేరు నేపథ్యాల మీద చూడాలంటే ప్రతిసారీ వస్తువును మళ్లీ మొదటినుంచి గియ్యవలసి వచ్చేది. వాళ్లకు తట్టినదేమిటంటే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెల పక్కన ప్రతి చుక్కకూ నాలుగో అంకెగా దాని వాటాను కూడా దాచిపెడితే, వస్తువును ఒక్కసారే గీసి ఏ నేపథ్యం మీదికైనా మార్చుకోవచ్చునని. చెబితే ఇంతేనా అనిపిస్తుంది. ఇవాళ మీరు టీవీలో చూసే ప్రతి అక్షరం, ప్రతి ప్రకటన, ప్రతి సినిమా మాయా ఆ నాలుగో అంకె పుణ్యమే.

సరే, మరి నల్లగీత మాటేమిటి?

"నాయనమ్మ పాత ఫోటో పెద్దది తాతయ్యా. అందులో గోడను తీసేసి, ఆ ఖాళీచోట వాటా సున్నా అని రాశారు. బాగానే ఉంది. కాని ఖాళీచోటయినా సరే, రంగు గళ్లలో ఏదో ఒక అంకె ఉండాలి గదా? అక్కడా సున్నాలే పెట్టారు. సున్నా అంటే నలుపు. వాటా సున్నా గనక ఆ నలుపు ఎవరికీ కనబడదు. దాక్కుని ఉన్నది."

"అయితే బయటికెలా వచ్చింది?"

"నాయనమ్మను మీ అందరి పక్కనా నిలబెట్టాలంటే బొమ్మను చిన్నది చెయ్యాలి. అంటే నాలుగు చుక్కలను కలిపి సగటు తీసి ఒక చుక్క చెయ్యాలి. అక్కడ వచ్చింది చిక్కు."

తేలికగా ఉండాలని రెండు చుక్కలతో చేసి చూపించింది. ఒకటి చీర చుక్క, అంకె 200, వాటా నిండు రూపాయి. రెండోది ఖాళీ చుక్క, అంకె సున్నా, వాటా సున్నా. ఈ రెంటికీ సగటు తీస్తే అంకె 100, వాటా అర్ధరూపాయి. ఇప్పుడు దీన్ని 240 అంకె గల గోడ మీద పెట్టారు. ప్రోగ్రాము వాటా ప్రకారం 100లో సగం 50, గోడలో సగం 120, వెరసి 170 అన్నది. కాని న్యాయంగా అక్కడ ఏముండాలి? సగం చీర, సగం గోడ. అంటే 100, 120, వెరసి 220. చీరకంటే గోడకంటే కూడా నల్లగా 170 ఎందుకొచ్చిందంటే, సగటు తీసినప్పుడు చీర రంగు ఒకసారి సగమైంది, వాటా కట్టినప్పుడు మళ్లీ సగమైంది. ఒకే భూమికి రెండుసార్లు శిస్తు కట్టించుకున్నట్టు! చీరకు రావలసిన 100లో 50 గల్లంతయింది. ఆ గల్లంతైన యాభయ్యే అంచు పొడుగునా నల్లగీత.

దీనికి మందు కూడా ఎప్పుడో కనిపెట్టారు. 1984లో టామ్ పోర్టర్, టామ్ డఫ్ అనే ఇద్దరు ఒక వ్యాసం ప్రకటించారు. అప్పట్లో వాళ్లు లూకస్‌ఫిల్ము సంస్థలో ఉండేవారు. రంగు అంకెలను ముందే వాటాతో గుణించి దాచుకోమని వాళ్లు చెప్పారు. అప్పుడు ఖాళీచోటుకు రంగూ లేదు, వాటా లేదు. సగటు తీసినా, కుదించినా, సాగదీసినా, చీర వాటా మాత్రమే మిగులుతుంది. మళ్లీ గుణించే పని లేదు, గోడ వాటాను కలిపితే సరి. 100కు 120 కలిపి 220. నల్లగీత మాయం! ఆ వ్యాసంలోనే రెండు బొమ్మలను కలిపే పన్నెండు విధాలు లెక్కకట్టి పెట్టారు. ఈ నలుగురికీ కలిపి 1996లో సినిమా అకాడమీవారు సాంకేతిక బహుమానం ఇచ్చారు.

ఈ వాటాల వ్యవహారంలో వరస కూడా ముఖ్యమే. 240 అంకె గోడ ముందు రెండు దోమతెరలు ఉన్నాయనుకోండి. ఒకదాని అంకె 200, ఇంకోదానిది 40, రెంటికీ వాటా అర్ధరూపాయే. గోడ మీద ముందు 200ది, దాని మీద 40ది వేస్తే 130 వస్తుంది. వరస తిప్పి వేస్తే 170 వస్తుంది. అందుచేత దూరంగా ఉన్నవి ముందు, దగ్గరగా ఉన్నవి తరవాత వెయ్యాలి. ఆటల్లో పొగ వెనక గాజు, గాజు వెనక నీరు వచ్చినప్పుడు ఈ వరస తేల్చుకోలేకే తాము రాత్రిళ్లు మేలుకుంటామని చెప్పింది మా మనవరాలు.

ఇంకొక మెలిక కూడా ఉన్నది. ఇంతవరకూ మనం అంకెలను వెలుతురు కొలతలుగా భావించాం. నిజానికి ఫోటోలో దాచే అంకెలు అలాంటివి కావు. మన కన్ను మసకలో చిన్న తేడాను కూడా పసిగడుతుంది, పట్టపగటి వెలుతురులో అంత తేడాను పట్టించుకోదు. అందుకని ఉన్న 256 మెట్లలో ఎక్కువ మెట్లు చీకటి వైపుకే కేటాయించారు. ఫలితంగా 128 అంటే సగం వెలుతురు కాదు, ఐదోవంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. సగం వెలుతురు కావాలంటే అంకె 188 దగ్గర ఉండాలి. ఈ సంగతి మరిచి అంకెలకే సగటు తీస్తే, ఎరుపూ ఆకుపచ్చా కలిసేచోట పసుపు రావడానికి బదులు మురికిచార వస్తుంది. ముందు అంకెలను వెలుతురుగా మార్చి, కలిపి, మళ్లీ అంకెలుగా మార్చాలి. చాలా ప్రోగ్రాములు ఈ శ్రమ పడవు.

మనవరాలు ఈ రెండు లెక్కలూ సరిచేసి, ఆ సాయంత్రమే ఫోటో మళ్లీ తయారుచేసింది. తెర మీద చూపించింది. కొంగు గోడలో హాయిగా కలిసిపోయింది. చెంప పక్కన చెదిరిన నెరసిన వెంట్రుకలు కూడా ఒక్కటీ పోలేదు. ఆమె అక్కడ నిలబడి లేదని ఎవరూ చెప్పలేరు.

అదే వచ్చింది చిక్కు. మా చిన్న మనవడు, ఐదేళ్లవాడు, తెర దగ్గరికి వచ్చి చూసి, "నాయనమ్మ కూడా వచ్చిందా? నేను చూడలేదే!" అన్నాడు. వాడు పుట్టాక ఏడాదికే ఆమె పోయింది. వాడికి ఆమె ఫోటోల్లోనే తెలుసు.

ఎవరమూ మాట్లాడలేదు. కాసేపటికి మనవరాలు, "నల్లగీత ఉన్నప్పుడే నయమేమో తాతయ్యా. అప్పుడు అతికించారని తెలిసేది" అన్నది. పోనీ అర్ధరూపాయి వాటాతో పెట్టనా అని కూడా అడిగింది. వెనక గోడా కనిపిస్తుంది, మనిషీ కనిపిస్తుంది, ఉండీ లేనట్టు.

"దెయ్యంలాగానా! వద్దే తల్లీ" అన్నది అక్కయ్య. తరవాత గొంతు తగ్గించి, "ఆ ఇల్లు దానిదిరా. దాన్ని నిలబెట్టడం అబద్ధం ఎలా అవుతుంది?" అన్నది నాతో.

ఆ మాటా నిజమే, పిల్లవాడి ప్రశ్నా నిజమే. నాకు తోచింది నేను చేశాను. ఫోటో నిండు వాటాతోనే అచ్చు వేయించాను. వెనకవైపు పెన్సిలుతో రాశాను: 'గృహప్రవేశంనాడు తీసిన ఫోటో. అందులో మీ నాయనమ్మ బొమ్మ మాత్రం 2012లో మీ అత్త పెళ్లినాటిది. ఈ స్థలం ఆమె గాజులతో కొన్నాం. ఆమెను ఇక్కడ నిలబెట్టింది మీ అక్కయ్య.' చిన్నవాడికి చదవడం ఇంకా రాదు. వచ్చాక చదువుకుంటాడు.

మీలో చాలామంది ఇలాంటి ఫోటోలు చేయించుకునే ఉంటారు, లేదా చేయించుకుంటారు. తప్పేమీ లేదు. అంచున నల్లగీత వస్తే మాత్రం కంప్యూటరులో అంతే అంటే ఊరుకోకండి. రంగును ముందే వాటాతో గుణించి తరవాత కుదించమని చెప్పండి. గీత పోయిన తరవాత, దయచేసి వెనక నాలుగు ముక్కలు రాసిపెట్టండి. అతుకు కంటికి కనిపించకుండా చెయ్యడం లెక్కల పని. అతుకున్న సంగతి పిల్లలకు చెప్పడం మన పని.

ఫోటో ఇప్పుడు కొత్త హాల్లో, ఆ తెల్లగోడకే తగిలించి ఉన్నది. అక్కయ్య వచ్చినప్పుడల్లా దాని ముందు ఆగి, కళ్లజోడు సవరించుకుని, కొంగు అంచు ఒకసారి చూసి మరీ లోపలికి వెళుతుంది.